బందరునుండి డల్లాసు ఎంత దూరము?

బిడ్డలు అమెరికాలో నున్న గృహములు నేడు గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతములందు పెక్కు కలవు. వారిలో టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసున స్థిరపడినవారు అనేకులు. "మావాడున్న ఊరు ఎంత దూరము? ఏ దిక్కున నున్నది?" అని పెద్దలడుగుచుందురు.

పడమట నున్నదని సాధారణముగా చెప్పుదురు. గోడపటముపై బందరునకు, డల్లాసునకు నడుమ బద్దపెట్టి గీత గీచినచో అది అరేబియా, ఆఫ్రికా ఎడారులను, అట్లాంటిక్ సముద్రమును దాటిపోవును. ఆ గీత వెంట పోవువారికి సుమారు 18,000 కిలోమీటర్లగును. కాని భూమి కాగితము వలె పరచియుండలేదు గదా! ఒక బత్తాయిపండుపై రెండు చుక్కలు పెట్టి, వాని నడుమ దారము బిగించి చూడుడు; దగ్గరదారి యేదో దారమే చూపును.

బందరు తూర్పు రేఖాంశము 81, డల్లాసు పశ్చిమ రేఖాంశము 97. రెండును కలిపిన 178. అనగా ఇంచుమించు సగము భూమి చుట్టు. ఇట్లు ఎదురెదురుగా నున్న ఊళ్ళకు దగ్గరదారి ఉత్తరధ్రువపు చేరువనుండియే పోవును. ఇక లెక్క సులభము. బందరునుండి ధ్రువమునకు 74 డిగ్రీలు, అచ్చటినుండి డల్లాసునకు 57; మొత్తము 131. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 14,550 కిలోమీటర్లు. పటముపై గీచిన గీతకంటె 3,400 కిలోమీటర్లకు పైగా తక్కువ!

కావున డల్లాసునకు దారి మనకు పడమర కాదు, ఉత్తరము. అవనిగడ్డకంటె గుడివాడయే డల్లాసునకు 45 కిలోమీటర్లు దగ్గర. దివిసీమనుండి బయలుదేరిన గీత గుడివాడ ప్రక్కగా సాగి, హిమాలయములు దాటి, కైలాసపర్వతమునకు కొంచెము పడమరగా పోయి, సైబీరియా మీదుగా మంచుసముద్రము చేరును. ధ్రువప్రాంతము మీదుగా ప్రయాణీకుల విమానములు నడుచుట క్రొత్తయు కాదు. 1957లోనే స్కాండినేవియా విమానసంస్థ కోపెన్‌హేగనునుండి టోక్యోకు అట్లు నడుపనారంభించెను.

అయినను విమానములు ఈ గీత వెంటనే పోవు. విమానములోని గాలి ఒత్తిడి తగ్గినచో చోదకుడు వెంటనే సుమారు 3,000 మీటర్ల యెత్తునకు దిగవలెను. టిబెట్టులో నేలయే అంతకంటె ఎత్తు. అందుచే ఆ పీఠభూమిని తప్పించుకొని పోవుదురు. హైదరాబాదు, దుబాయి మీదుగా పోవువారికి దూరము 15,800 కిలోమీటర్ల వరకు వచ్చును.

ఇంటిలో పెద్దవారికి ప్రాణముమీదికి వచ్చినపుడు మాత్రము కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కింపవలెను. "అబ్బాయి వచ్చువరకు ఆగవలెనా?" అని బంధువులు తర్జనభర్జన పడు ఘట్టమది. చలికాలమున డల్లాసు గడియారము మనకంటె పదకొండున్నర గంటలు వెనుక నుండును. మంగళవారము ఉదయము ఎనిమిదిన్నరకు ఇచ్చటినుండి ఫోను చేసినచో, అచ్చట సోమవారము రాత్రి తొమ్మిది. మరునాటి మధ్యాహ్నపు విమానము దొరికెననుకొందము. రెండు విమానములు, నడుమ నిరీక్షణము, పిదప హైదరాబాదునుండి కారు, అన్నియు కలిపి ముప్పది గంటలు. ఎచ్చటను ఆటంకము లేనిచో అతడు బందరులో గుమ్మమెక్కునది గురువారము తెల్లవారుజామున.