స్క్రీన్ ప్రింటింగులో వెలుతురు లెక్క

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పత్తి, మిర్చి డబ్బులు చేతికొచ్చే రోజుల్లోనే పెళ్ళిళ్ళూ వస్తాయి. శుభలేఖలు, గుడ్డ సంచుల పని నమ్ముకొని, పెద్దల గ్రాట్యుటీ డబ్బుతో ఇంట్లోనే స్క్రీన్ ప్రింటింగ్ పెట్టుకున్న పిల్లలున్నారు. స్క్రీన్ చెడితే వాళ్ళు ముందుగా దీపాన్నే అనుమానిస్తారు. అసలు కారణం చెప్పేది స్క్రీనే.

బైక్రోమేట్‌లో తడిపిన కాగితం మీద వెలుతురు పనిచేస్తుందని 1839లో స్కాట్లండు వాసి మంగో పాంటన్ కనుగొన్నాడు. మన ఎమల్షన్‌కూ ఆ గుణమే ఆధారం. వెలుతురు తగిలిన చోట పూత గట్టిపడుతుంది. ఫిల్ములోని నల్లని అక్షరం కింద మెత్తగా ఉండి నీటికి పోతుంది. అక్కడినుంచే రంగు దిగుతుంది.

కడగగానే పూత జారిపోయినా, లోపలివైపు జిగటగా ఉన్నా వెలుతురు చాలలేదన్నమాట. లేదా పూత ఆరలేదు. వానాకాలంలో పైకి ఆరినట్లున్నా లోపల తడి ఉంటుంది. అందుచేత టైము పెంచేముందు బాగా ఆరనివ్వండి.

సన్నని అక్షరాలు తెరుచుకోకపోతే వెలుతురు ఎక్కువైనట్లు. ఫిల్ములో నలుపు పలచనైనా, ఫిల్ము పూతకు గట్టిగా ఆనకపోయినా ఇంతే. మన ఎండల్లో మరొకటుంది: బైక్రోమేట్ కలిపిన పూత వేడికి చీకట్లో కూడా గట్టిపడుతుంది. పూసిన స్క్రీన్‌ను ఆరిన రోజే వాడాలి.

సూదిమొన రంధ్రాలు కనిపిస్తే దుమ్ము, పత్తినూగు, బట్టమీది జిడ్డు కారణాలు. గాజుపలక కూడా తుడవండి.

సరైన టైముకు చిన్న పరీక్ష ఉంది. ఒకే స్క్రీన్‌ను అట్టముక్కతో కొంచెం కొంచెంగా కప్పుకుంటూ 2, 4, 6, 8, 10 నిమిషాల పట్టీలు తీయండి. జిగట లేకుండా, సన్నగీత చక్కగా తెరుచుకున్న పట్టీయే మీ లెక్క. దాన్ని గోడమీద రాసుకోండి. చిన్న దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే సుమారు నాలుగు రెట్ల టైము కావాలి. ఎండను నమ్ముకుంటే మబ్బు పట్టినప్పుడల్లా లెక్క మారుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. రెండు మారిస్తే ఏది కారణమో తెలియదు.

ఆఖరుమాట పెద్దలకు. నారింజ రంగు బైక్రోమేట్ విషం, క్యాన్సరు కారకం. ఉత్త చేతులతో కలపనివ్వకండి. వంటింటి గిన్నె ఇవ్వకండి. కడిగిన నీళ్ళు కాలువలో, బావి పక్కన పోయనివ్వకండి. క్రోమియం లేని డయాజో రకం దొరుకుతుంది. దానికి ఖర్చు కాస్త ఎక్కువైనా అదే కొనిపించండి. అప్పుడు టైము పరీక్ష మళ్ళీ చేసుకోవాలి.

శుభలేఖ పాడైతే మరొకటి అచ్చు వేసుకోవచ్చు. మనవల ఆరోగ్యం అలా కాదు గదా!