సైకిలు ఎప్పుడు దిగాలి?

(విశాఖపట్నంలో జరిగిన శాఖాధిపతుల సమావేశంలో భిలాయ్ శాఖ మేనేజరు చేసిన ప్రసంగ పాఠం)



బకాయిల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను ముందు సైకిలు గురించి చెబుతాను. కాస్త ఓపిక పట్టండి, దారి తిరిగి బకాయిల దగ్గరికే వస్తుంది.

మీకు ఇక్కడే ఉక్కునగరం ఉంది కాబట్టి మా ఊరి తీరు వేరే చెప్పక్కర్లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైంది. ఆ తర్వాత శ్రీకాకుళం వైపు నుంచి ఎందరో రైలెక్కి అక్కడికి పనికి వెళ్లారు. మా నాన్న వారిలో ఒకరు. ముప్పై నాలుగేళ్లు షిఫ్టులకు సైకిలు మీదే వెళ్లి, రిటైరయ్యాక అక్కడే ఉండిపోయారు. అమ్మ పోయాక ఆయన ఒంటరివారయ్యారని నేను అడిగి మరీ భిలాయ్‌కి బదిలీ చేయించుకున్నాను.

వెళ్లిన ఏడాదే నాకు షుగరు బయటపడింది. డాక్టరు గారు నడవమన్నారు, నేను సైకిలు కొన్నాను. మామూలుది కాదు, మౌంటెన్ బైక్. నలభై ఎనిమిదేళ్ల వయసులో అంత లావు టైర్ల సైకిలు చూసి మా ఆవిడ నవ్వింది. నాన్న మాత్రం టైరు నొక్కి చూసి ఊరుకున్నారు.

ఈ సైకిళ్లతో క్రాస్ కంట్రీ అనే పోటీ ఉంటుంది. రోడ్డు మీద కాదు. కాలిబాటలు, గట్లు, రాళ్లు, బురద ఉన్న దారిలో ఒకే చుట్టును పలుమార్లు తిరగాలి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ఇది ఒలింపిక్ క్రీడ. మన దేశంలోనూ జాతీయ పోటీలు జరుగుతున్నాయి. మేము ఆడింది అంత పెద్దది కాదు. కొందరు సైకిలు మిత్రులు కలిసి ఆగస్టులో ఒక ఆదివారం ఊరి బయట పెట్టుకున్నది. ఐదు కిలోమీటర్ల చుట్టు, నాలుగు సార్లు. భిలాయ్ పక్కన కొండలెక్కడివని అడగొచ్చు. కొండలు లేకపోయినా చెరువు గట్లు ఉన్నాయి, మొరం తవ్విన గోతులు ఉన్నాయి, అన్నిటికీ మించి వానాకాలం మట్టి ఉంది.

ఛత్తీస్‌గఢ్ రైతులు మట్టిని పేరు పెట్టి పిలుస్తారు. ఎర్రటి గులకనేల భాటా, పసుపు నేల మటాసీ, నల్లరేగడి కన్హార్. భాటా మీద వాన పడినా నీరు జారిపోతుంది, టైరు పట్టు దొరుకుతుంది. కన్హార్ అలా కాదు. తడిస్తే మైదాపిండిలా అంటుకుంటుంది. బురద కోసం వేరే టైర్లుంటాయి. సన్నగా, ఎత్తయిన గుబ్బలు దూరం దూరంగా ఉంటాయి, మట్టి దానంతటది రాలిపోవడానికి. నావి వెడల్పు టైర్లు. ఆ తేడా నాకు తర్వాత తెలిసింది.

మొదటి చుట్టులో భాటా నేల మీద బాగానే వెళ్లాను. తర్వాత చెరువు పక్కన రెండు వందల మీటర్ల కన్హార్ వచ్చింది. నా ముందు ఒక స్కూలు పిల్ల వెళుతోంది. బురద మొదలవకముందే టక్కున దిగి, సైకిలు భుజానికెత్తుకుని గడ్డి అంచున పరుగెత్తింది. పాపం, చేతకాక దిగిందనుకున్నాను. గట్టు మీద జనం చూస్తున్నారు. నేను గేరు తగ్గించి నేరుగా బురదలోకి పోనిచ్చాను.

ముప్పై మీటర్లు కదిలింది. తర్వాత టైరుకీ ఫ్రేముకీ మధ్య మట్టి పేరుకుని బరబరా రాసుకునే చప్పుడు మొదలైంది. వినిపించింది. ఇంకొంచెమే కదా అని లేచి నిలబడి బలంగా తొక్కాను. ఠక్కుమంది. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు. ఫ్రేము పాడవకుండా ముందు తానే విరిగేలా చేసిన ముక్క అది. విరిగింది. డిరైలర్ చువ్వల్లోకి పోయింది.

అక్కడే కూర్చుని, డిరైలర్ తీసేసి, గొలుసు కత్తిరించి, ఒకే గేరు మీద నడిచేలా కలుపుకునేసరికి అరగంట పట్టింది. ఆ లోపల ఆ పిల్ల నన్ను ఇంకో చుట్టు దాటింది. నాలుగు చుట్లూ పూర్తి చేశాను, చివరి నుంచి రెండోవాణ్ని.

నాన్న చివరి గీత దగ్గర గొడుగు వేసుకుని నిలబడ్డారు. నా అవతారం చూసి, "డబ్బులిచ్చి మరీ బురదలో పడ్డావేటిరా" అన్నారు. తర్వాత సైకిలు తిప్పి చూశారు.

"ఇరిగే ముందు చప్పుడు ఇనబళ్లేదా?"

"వినబడింది నాన్నా."

"మరి దిగలేదేటి?"

నిజమే చెప్పాను. "అందరూ చూస్తున్నారని."

ఆయన నవ్వలేదు. "మేం దిగేసేవాళ్లం. షిఫ్టుకి అందుకోవాలి కదా" అన్నారు. వాళ్ల రోజుల్లో మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుంటే గోకడానికి హ్యాండిలుకి ఒక వెదురు పుల్ల కట్టుకునేవారట. బురద కనబడగానే దిగడం, పుల్లతో గోకడం, మళ్లీ ఎక్కడం. ముప్పై నాలుగేళ్లలో బురద వల్ల ఒక్క షిఫ్టు తప్పలేదని చెప్పారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒళ్లు నొప్పుల వల్ల కాదు. మా శాఖలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు ఖాతా ఉంది. పదకొండు మంది పనివాళ్లు. టర్మ్ లోను వాయిదా ఆగి అప్పటికి ముప్పై ఎనిమిది రోజులు. మన లెక్కలో ముప్పై రోజుల వరకు ఎస్‌ఎంఏ-0, అరవై వరకు ఎస్‌ఎంఏ-1, తొంభై వరకు ఎస్‌ఎంఏ-2, అది దాటితే ఎన్‌పీఏ. చప్పుడు నాకు అంతకుముందే వినబడింది. క్యాష్ క్రెడిట్ ఖాతాలో జమలు పలచబడ్డాయి, స్టాకు స్టేట్‌మెంటు ఆలస్యమైంది, యజమాని ఫోను ఎత్తడం తగ్గించారు. అయినా నేను వెళ్లలేదు. పని ఒత్తిడి అని చెప్పుకున్నాను. అసలు కారణం వేరు. ఆ లోను సిఫారసు చేసింది నేను. వెళితే నా అంచనా తప్పిందని నలుగురికీ తెలుస్తుంది.

సోమవారం ఉదయం వెళ్లాను. మిషన్లు తిరుగుతున్నాయి, పని ఉంది, డబ్బు లేదు. ఒక పెద్ద కొనుగోలుదారు దగ్గర నాలుగు నెలల బిల్లు ఆగిపోయింది. చిన్న సంస్థలకు 45 రోజులు మించకుండా చెల్లించాలని 2006 చట్టం చెబుతుంది, ఆలస్యానికి వడ్డీ కూడా ఉంది. ఫిర్యాదుకు పోర్టల్ ఉంది. "ఫిర్యాదు చేస్తే రేపు ఆర్డరు రాదు సార్" అన్నారాయన. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

రిజర్వు బ్యాంకు 2016లో ఇచ్చిన పునరుద్ధరణ విధానంలో మూడు దారులున్నాయి: సరిదిద్దడం, పునర్వ్యవస్థీకరణ, వసూలు. మొదటిది పట్టుకున్నాం. ఏ వారం ఎంత వస్తుంది, ఎంత కడతారు అని కాగితం మీద రాసుకున్నాం. వాడకం తగ్గిన పాత లేత్ మిషను ఆయన అమ్మేశారు. బిల్లులో కొంత వచ్చింది. డెబ్బై ఆరో రోజున బకాయి పూర్తిగా తీరింది.

దీన్ని నా విజయంగా చెప్పడం లేదు. ఆ లేత్ ఆయన తండ్రి కొన్నది. నేను ఐదో రోజునే వెళ్లి ఉంటే, బిల్లు కోసం తిరగడానికి ఆయనకు ఇంకో నెల దొరికేది. మిషను మిగిలేదేమో. నేను బురదలో దిగకపోతే విరిగింది నా సైకిలు. ఇక్కడ దిగకపోతే విరిగింది ఇంకొకరిది.

మనకు జాబితాలు రోజూ వస్తాయి. చప్పుడు వినబడటం లేదని మనలో ఎవరూ అనలేం. వినబడిన రోజునే కుర్చీలోంచి లేచి ఆ షెడ్డు దాకా వెళ్లడమే కష్టం. దిగితే ఓడినట్టు కనబడుతుంది. ఆ స్కూలు పిల్ల ఓడలేదు, ఆ రోజు ఆడపిల్లల్లో మొదట వచ్చింది.

కొత్త హ్యాంగర్ వేయించాను, సన్నటి టైర్లు కొన్నాను. వచ్చే ఆగస్టుకి మళ్లీ పేరిస్తాను. మొన్న సైకిలు తీయబోతే ఫ్రేముకి ఏదో కట్టి ఉంది. చూస్తే వెదురు పుల్ల. నాన్న ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.