చట్టసభ లోపలి సంగతులు తెలుపు గ్రంథములు

(హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణముల పఠనమందిరములయందు ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



మొదటి లోకసభ వాదోపవాదముల సంపుటములను తెఱచి చూచినచో సభ్యుని పేరు ప్రక్కన కుండలీకరణములలో అతని నియోజకవర్గము పేరు అచ్చు వేయబడియుండును. ఆ పుటలలో అచటచట “రాఘవాచారి (పెనుకొండ)” యని కనుపట్టును. 1952వ సంవత్సరపు తొలి సార్వత్రిక ఎన్నికలలో పెనుకొండ స్వయముగా ఒక పార్లమెంటు స్థానము. కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షము తరపున నిలిచి గెలిచిన కె. ఎస్. రాఘవాచారిగారు అచటినుండి ఢిల్లీకి పోయిరి. తరువాత ఆ స్థానము మాసి హిందూపురము స్థానము వెలసినది. నేడు మన మూడు పట్టణములును ఆ హిందూపురము స్థానమునకే చేరియున్నవి. పెనుకొండ యనగా విజయనగర రాజుల కోటయని మన పిల్లలు చెప్పగలరు. దేశమంతటికిని చట్టములు చేయు సభలో ఆ ఊరి పేరు అయిదేండ్లు మ్రోగినదని ఎందఱు చెప్పగలరు?

ఈ ప్రశ్న నా బుద్ధికి తట్టినది విద్వత్తు చేతఁ గాదు, అవమానము చేత. కొన్ని యేండ్ల క్రిందట ధర్మవరపు నేతగాండ్ర పక్షమున ఒక వ్యాజ్యమును నడపుచుంటిని. చేనేతకు ప్రత్యేకింపబడిన రకములను మరమగ్గములపై నేయరాదను 1985వ సంవత్సరపు చట్టమునకు సంబంధించిన వివాదమది. మంత్రి సభలో ఒక హామీ నిచ్చెనని దినపత్రికలో చదివి, ఆ తునకను కత్తిరించి ఫైలులో పెట్టుకొని, గంభీరముగా న్యాయస్థానమున చదివితిని. ప్రతిపక్షపు వకీలు లేచి లోకసభ అచ్చు ప్రతిని చేతికందించెను. మంత్రి యనినది “పరిశీలింతుము” అని మాత్రమే! న్యాయాధిపతి చిఱునవ్వుతో “ప్లీడరుగారూ, మీరు చదివినది సభయా, పత్రికయా?” యనిరి. నేను సమాధానము చెప్పలేకపోతిని. నా వెనుక బల్లపై కూర్చున్న నేతగాండ్రు నా ముఖమువంక చూచుచుండిరి. ఆనాటి సాయంకాలము మొదలు చట్టసభలను గూర్చిన పుస్తకములు చదువుట నాకొక వ్రతమైనది.

ఈ పుస్తకములు రెండు తెగలు. సభయే తన్ను గూర్చి వ్రాసికొన్నవి కొన్ని. సభలో కూర్చుండి బయటికి వచ్చినవారు వ్రాసినవి కొన్ని. మొదటి తెగలో రాజ్యాంగ నిర్మాణ సభ చర్చల 12 సంపుటములకు సాటి వేఱొకటి లేదు. 1946 డిసెంబరు 9న కూడిన ఆ సభ 11 సమావేశములలో 165 దినములు పనిచేసెను. చిత్తు రాజ్యాంగముపై 7,635 సవరణలకు నోటీసులు రాగా వానిలో 2,473 సభయందు ప్రతిపాదింపబడెను. అనంతపురము మండలమునుండి ఆ సభలో కూర్చున్నవారిలో హిందూపురపు ప్రాంతమువారైన కల్లూరు సుబ్బారావుగారు ఒకరు, నీలం సంజీవరెడ్డిగారు ఒకరు. కారాగారవాసము చేసి వచ్చిన కల్లూరువారి పేరు మన పెద్దలకు సుపరిచితమే. ఆయన ఏ సభలో కూర్చున్నారో, ఆ సభలో ఏమి జరిగినదో చదివినవారు మాత్రము మనలో అరుదు.

ధర్మవరపు సోదరులకు ఒక చోటు చూపెదను. గ్రామములలో కుటీర పరిశ్రమలను వ్యక్తిగతముగాఁ గాని సహకార పద్ధతిని గాని ప్రోత్సహింపవలెనని రాజ్యాంగపు 43వ అధికరణము చెప్పుచున్నది. చిత్తులో ఆ మాట లేదు. 1948 నవంబరులో కోయంబత్తూరు సహకారవాది టి. ఏ. రామలింగం చెట్టియారుగారు సవరణ తెచ్చినందున అది చేరినది. మగ్గము గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న మనుష్యునికి దేశపు మూలశాసనములో ఒక వాక్యము దక్కుటకు వెనుక ఆ చర్చ యున్నది. 1985 నాటి చట్టము చెల్లదని వ్యాజ్యములు వేసినప్పుడు 1993లో సుప్రీముకోర్టు దానిని నిలిపినది. నేను న్యాయస్థానమునకు తీసికొని పోవలసినది పత్రికా ఖండమును గాదు, ఈ సంపుటమును.

అచ్చు ప్రతికిని లోపములు లేకపోలేదు. అసభ్యములు, పరువునష్టకరములు నగు మాటలను తొలగింప సభాపతికి 380వ నిబంధన క్రింద అధికారము గలదు. తొలగించిన చోట చుక్కలు మాత్రము మిగులును. వాగ్వాదము మితిమీఱినచోట “అంతరాయములు” అని ఒక్క మాట వేసి ఊరకుందురు. అర్ధగంట కేకలు ఆ ఒక్క మాటలో ఇమిడిపోవును! ముఖకవళికలును, కంఠస్వరమును, వరండాలోని గుసగుసలును ఆ సంపుటములలో దొరకవు. వానికై రెండవ తెగ గ్రంథముల నాశ్రయింపవలెను.

సభలోని మాటను బయట అచ్చొత్తించుటయే ఒకప్పుడు నేరము. 1738లో ఇంగ్లండు కామన్సు సభ అట్లే తీర్మానించినది. అందుచేత పత్రికలవారు స్విఫ్టు కల్పించిన లిల్లీపుట్టు దేశపు సభాచర్చలను మిషతో లండను చర్చలను ప్రకటించిరి. 1741 మొదలు కొన్ని యేండ్లు ఆ పని చేసినవాడు మహాపండితుడైన శామ్యూల్ జాన్సను. మన దేశమున ఫిరోజ్ గాంధీగారి బిల్లు వలన 1956లో సభా కార్యక్రమములను యథార్థముగా ప్రకటించు పత్రికలకు చట్టపు రక్షణ లభించెను. అత్యవసర పరిస్థితి కాలమున 1976లో ఆ చట్టమును రద్దుపఱచిరి. 1977లో మరల తెచ్చిరి. 1978లో 44వ సవరణముచేత ఆ రక్షణను రాజ్యాంగములోనే చేర్చిరి. కన్న తండ్రి చట్టమునే ఆయన భార్య ప్రభుత్వము గొంతు నులిమినదనుట చరిత్రలోని వింతలలో నొకటి.

ఇఁక హిందూపురమువారి సొంత విషయమునకు వత్తును. 1967లో ఈ స్థానమునుండి గెలిచిన సంజీవరెడ్డిగారు ఆ యేడు మార్చి 17న లోకసభ సభాపతి యైరి. పీఠమెక్కగానే కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా నిచ్చిరి. అంతకు పూర్వపు సభాపతు లెవ్వరును అట్లు చేయలేదు. రాష్ట్రపతి ప్రసంగము జరిగిన దినముననే ప్రభుత్వముపై అవిశ్వాస తీర్మానమును చేపట్టుటకు అనుమతించిరి. షెడ్యూల్డు కులముల, తెగల సంక్షేమమునకు పార్లమెంటు కమిటీ యేర్పడుటకు చొరవ చూపినవారును ఆయనయే.

1969లో పూరీ శంకరాచార్యులు అస్పృశ్యతను సమర్థించుచు చేసిన ప్రసంగమును గూర్చి లోకసభలో తీవ్రమైన మాటలు నడచినవి. ఆయన భక్తులు ఆర్గురు కోపించి సంజీవరెడ్డిగారిపైనను, హోమ్ మంత్రి చవాన్ గారిపైనను, మఱి ముగ్గురు సభ్యులపైనను రూ. 26,000 నష్టపరిహారమునకు వ్యాజ్యము వేసిరి. “తేజ్ కిరణ్ జైన్ ప్రతి ఎన్. సంజీవరెడ్డి” యను పేరుతో 1970లో సుప్రీముకోర్టు తీర్పు వచ్చినది. 105వ అధికరణములోని “ఏదైనను” అను పదమునకు “సమస్తమును” అనియే అర్థమనియు, సభ కూడియుండి తన పని చేయుచుండగా పలికిన మాటపై న్యాయస్థానములో వ్యాజ్యము చెల్లదనియు హిదయతుల్లాగారు నిర్ణయించిరి. నేఁటికిని వకీలులు ఈ తీర్పును ఉదహరింతురు. హిందూపురపు సభ్యుని పేరుమీదనే దేశమంతటి సభ్యుల వాక్స్వాతంత్ర్యము నిర్ధారణమైనదని ఈ ఊరి బడులలో చెప్పుదురా?

అట్లని నేను స్తోత్రపాఠము చదువ రాలేదు. పార్టీని విడిచి పీఠమెక్కిన ఆ సభాపతియే 1969 జూలైలో పీఠమును వదలి, ఆ పార్టీ అభ్యర్థిగనే రాష్ట్రపతి పదవికి పోటీచేసిరి. గిరిగారి చేతిలో ఓడిరి. ఒక రాజీనామా గొప్పదనమును రెండవ రాజీనామా కొంత తగ్గించినదని నా అభిప్రాయము. 1977లో నంద్యాలనుండి గెలిచి, మరల సభాపతియై, ఆ యేడే పోటీలేక రాష్ట్రపతి యైరి. 1989లో వెలువడిన ఆయన జ్ఞాపకముల ఆంగ్లగ్రంథమునకు “భయపక్షపాతములు లేక” యను అర్థమిచ్చు పేరు పెట్టిరి. దానికి తోడుగా సోమనాథ చటర్జీగారి 2010 నాటి స్మృతులను చదువవలెను. 2008లో విశ్వాస తీర్మానపు వేళ పార్టీ ఎంత చెప్పినను ఆయన సభాపతి పీఠమును విడువలేదు; పార్టీ ఆయనను వెలివేసినది. ఒకే పీఠము, ఒకే చిక్కు, రెండు దారులు. జ్ఞాపకములు వ్రాయువాఁడు తన వ్యాజ్యమునకు తానే వకీలు. అందుచేత ఎదుటి పక్షపు పుస్తకమును కూడ బల్లపై నుంచుకొనక తీర్పు చెప్పరాదు.

ఎదుటి పక్షమును మన మండలమే ఇచ్చినది. తరిమెల నాగిరెడ్డిగారు 1952లో చెఱసాలనుండియే అనంతపురము శాసనసభ స్థానమున గెలిచిరి. ఓడినది ఆయన బావగారైన సంజీవరెడ్డిగారే! 1957లో నాగిరెడ్డిగారు అనంతపురమునుండి లోకసభకు పోయిరి. చట్టసభలవలన పేదలకు ఒరుగునది లేదని 1969లో శాసనసభ సభ్యత్వమును త్యజించిరి. న్యాయస్థానములో ఆయన యిచ్చిన వాఙ్మూలమే, 1976లో ఆయన గతించిన పిదప, 1978లో “తాకట్టులో భారతదేశం” గ్రంథముగా ప్రసిద్ధికి వచ్చినది. నేను ఆయన మార్గమును అంగీకరింపను. అయినను ఆ సభలో కూర్చుండి, ఆ కుర్చీ బరువు తెలిసి, దానిని వదలినవాని వాదమును చదువక సభను పొగడుట చవుక. ఆయనతో బాటు హీరేన్ ముఖర్జీగారి పుస్తకమును కూడ చదువుఁడు. అదే సిద్ధాంతపు వాఁడయ్యును ఆయన 1952 మొదలు 1977 వఱకు గల పార్లమెంటును గూర్చి ప్రేమతో వ్రాసెను. పి. వి. నరసింహారావుగారు చెప్పఁదలచినదానిని 1998లో నవలగా చెప్పిరి. తెలుగులో అది “లోపలి మనిషి”. జాన్సనుకు లిల్లీపుట్టు, పి. వి.గారికి అఫ్రోజాబాదు. లోపలివాఁడు నిజము చెప్పుటకు మాఱుపేరు వెదకుకొనుట ఇప్పటికిని మానలేదు.

ఈ గ్రంథములలో పెక్కులు ఆంగ్లములోనే యున్నవను చింత మీకు కలుగును. ఆ చింత న్యాయమే. కాని లోకసభ పాత సంపుటములు నేఁడు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఎవరైనను వెల లేక చూడవచ్చును. ఏ పఠనమందిరములోనైన ఒక కంప్యూటరు, ఒక అచ్చుయంత్రము, ఆంగ్లము తెలిసిన ఒక యువకుఁడు ఉన్నచో చాలును. ఎన్నికల నాఁడు మన వాకిలికి వచ్చు అభ్యర్థిని రోడ్డును గూర్చియు, కుళాయిని గూర్చియు అడుగుదుము. “గత యేడు మీరు సభలో ఏమి యడిగితిరి? ఏ పుటలో నున్నది?” యని అడిగినవాఁడు నాకింతవఱకు కనఁబడలేదు. 1953 డిసెంబరులో లోకసభ, మంత్రుల హామీలను వెంటాడుటకే ప్రత్యేకముగా ఒక కమిటీని నియమించుకొనెను. సభకే తన మంత్రుల మాటపై అంత జాగ్రత్త యున్నప్పుడు మనకు లేకపోవుట యేమి?

పెనుకొండ పఠనమందిరపు కార్యదర్శిగారితో మాటలాడితిని. వచ్చు ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు రాఘవాచారిగారి ప్రసంగ మొకటి అచ్చు తీసి తెచ్చి, ఆంగ్లమున ఒక పేరా, తెలుగున ఒక పేరాగా చదువుదుము. ధర్మవరమువారు రామలింగం చెట్టియారుగారి సవరణపై జరిగిన చర్చను కోరిరి. అది ఆ మఱుసటి వారమున. హిందూపురమువారు ఇంకను తేల్చుకొనలేదు. సంజీవరెడ్డిగారి వ్యాజ్యపు తీర్పును చదువుదమని నేనంటిని. కల్లూరువారిని మొదట చదువవలెనని ఇక్కడి పెద్ద లొకరు పట్టుపట్టుచున్నారు. వారి మాటయే నెగ్గునట్లున్నది.