కిల్టు కుచ్చిళ్ళు – ఒక నిర్ణయం, ఒక లెక్క



కిల్టు స్కాట్లండ్ పురుషుల సంప్రదాయ వస్త్రం. ముందువైపు సాదాగా, వెనుకవైపు కుచ్చిళ్ళతో ఉంటుంది. రంగుగీతలు నిలువుగా, అడ్డంగా కలిసే దాని గళ్ళ ఉన్నిబట్టే టార్టాన్. ఆ గళ్ళ వరస ఒకసారి పూర్తయ్యే కొలతను ‘సెట్’ అంటారు.

చీర కుచ్చిళ్ళు కట్టుకున్న ప్రతిసారీ కొత్తగా పెట్టుకోవచ్చు. కిల్టు కుచ్చిళ్ళను మాత్రం నడుము నుంచి పిరుదుల దాకా కుట్టేస్తారు. కాబట్టి ఎలా మడవాలో ముందే తేల్చుకోవాలి. ఇందుకు ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది, సెట్ ప్రకారం మడవడం. పైకి కనిపించే పట్టీలన్నీ పక్కపక్కన చేరి అసలు గళ్ళను మళ్ళీ చూపిస్తాయి. ముందు ఏ టార్టాన్ ఉందో వెనుకా అదే కనిపిస్తుంది.

రెండవది, గీత ప్రకారం మడవడం. ఎంచుకున్న ఒకే గీత ప్రతి మడత మధ్యలోనూ నిలుస్తుంది. నడిచేటప్పుడు మడతలు విచ్చుకొని లోపలి రంగులు తొంగిచూస్తాయి. దీనికి సైనిక పద్ధతి అనే పేరు కూడా ఉంది. 1794 నుంచి 1994 వరకు కొనసాగిన గోర్డన్ హైలాండర్స్ దళం కిల్టుల వెనుక పసుపు గీత వరసగా కనిపించేది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. సెట్ 15 సెంటీమీటర్లు, మడతలో పైకి కనిపించే భాగం 2 సెంటీమీటర్లు, మడతలు 25 అనుకుందాం. గీత పద్ధతిలో మడత మడతకూ అదే గీత రావాలి గనుక ఒక్కో మడతకు సరిగ్గా ఒక సెట్, అంటే 15 సెంటీమీటర్లు పడుతుంది. సెట్ పద్ధతిలో ప్రతి మడతా గళ్ళలో మరో 2 సెంటీమీటర్లు ముందుకు జరగాలి. అంటే 17 పడుతుంది. వెనుకభాగానికే మొదటి లెక్కన 375, రెండవ లెక్కన 425 సెంటీమీటర్లు. తేడా అర మీటరు!

మరి ఏది ఎంచుకోవాలి? టార్టాన్ ఏ వంశానిదో వెనుక నుంచి కూడా గుర్తుపట్టాలంటే సెట్ పద్ధతి. బట్ట కొంచెం తక్కువైనా, టార్టాన్‌లో కొట్టొచ్చినట్టు కనిపించే గీత ఉన్నా గీత పద్ధతి. కుట్టేముందు నాలుగైదు మడతలకు గుండుసూదులు గుచ్చి దూరం నుంచి చూడటం మంచిది.

ఇది చిన్న విషయమనుకోకండి. 1746లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం స్కాట్లండ్‌లో పురుషులు ఈ దుస్తులు ధరించడాన్ని నిషేధించింది. మొదటిసారి తప్పుకు ఆరు నెలల జైలు, రెండోసారికి ఏడేళ్ళ ప్రవాసశిక్ష. ఆ నిషేధం 1782లో గానీ తొలగలేదు. ధరించడమే నేరమైన బట్ట అది. దాన్ని ఎలా మడవాలో నిశ్చింతగా ఆలోచించుకోగలగడం కూడా ఒక స్వేచ్ఛే.