కరెంటు వైద్యానికి వేడి తోడు
(బెంగళూరు సభలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



బోనసు మాట కాసేపు పక్కన పెడుతున్నాం. గడ్డకు వేడి పెడితే క్యాన్సర్ కరిగిపోతుందట, కరెంటు అక్కర్లేదట అని షిఫ్టు మారే వేళ ఒక మాట తిరుగుతోంది. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగంతోనే ప్రమాదం.

మనం కరెంటు పెట్టడం అనే రేడియేషన్ గడ్డలోని కణాలను దెబ్బతీస్తుంది. కానీ రక్తం సరిగా అందక, ఆక్సిజన్ తక్కువైన కణాలు దానికి సులభంగా లొంగవు. అలాంటివే వేడికి తట్టుకోలేవు. పైగా దెబ్బతిన్న కణం మళ్ళీ బాగుపడకుండా వేడి అడ్డుపడుతుంది. డైయింగ్‌లో చేసినవాళ్ళకు తెలుసు, కొన్ని రంగులు తొట్టి వేడెక్కితే గానీ గుడ్డకు పట్టవు. రంగు లేకుండా ఉత్త వేడినీళ్ళలో ముంచితే ఏమొస్తుంది?

ఆస్పత్రిలో యంత్రంతో, కొలుస్తూ, 40 నుంచి 43 డిగ్రీల వేడి గంటసేపు పెడతారు. నెదర్లాండ్స్‌లో 1990-96 మధ్య ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న స్త్రీలకు కరెంటుతో పాటు వారానికొకసారి ఇలా పెట్టి చూశారు. మూడేళ్ళకు, కరెంటు ఒక్కటే పెట్టినవారిలో వందకు 27 మంది, రెండూ పెట్టినవారిలో 51 మంది బతికి ఉన్నారు. తర్వాతి పరీక్షలన్నీ ఇంత ఫలితం చూపలేదు. ఇప్పుడు డాక్టర్లు ఈ జబ్బుకు ఎక్కువగా కరెంటుతో పాటు సిస్‌ప్లాటిన్ మందు ఇస్తారు. కిడ్నీలు బాగులేక ఆ మందు పడనివారికి వేడి పనికొస్తుందేమో డాక్టర్నే అడగాలి. ఆ యంత్రం అన్ని ఆస్పత్రుల్లో ఉండదు.

ఇటుక కాల్చి, ఉప్పు మూటతో కాపడం పెట్టడం ఆ వైద్యం కాదు. పైచర్మం కాలుతుందే గానీ వేడి గడ్డ దాకా పోదు. కరెంటు పెట్టిన చోట కాపడం అసలే వద్దు.

మా అసలు బాధ ఇంకోటి. హోసూరు రోడ్డు కిద్వాయ్ ఆస్పత్రి 1973 నుంచి ఉంది, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కూడా మనవాళ్ళు వస్తారు. కరెంటు మొదలుపెట్టి, కూలి పోతోందని మధ్యలో మానేస్తే ఎలా? ముఖద్వార క్యాన్సర్‌కు వైద్యమంతా ఎనిమిది వారాల్లో ముగియాలి. సాగదీస్తే ఫలితం తగ్గుతుంది.

ఇ.ఎస్.ఐ. కార్డున్న కార్మికులకు రెండేళ్ళ సర్వీసు, అంతకుముందు నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో 156 రోజుల చందా ఉంటే, క్యాన్సర్‌కు జీతంలో 80 శాతం, రెండేళ్ళ వరకు భృతి వస్తుంది. ఇంట్లోవాళ్ళకు వైద్యం ఉంటుంది గానీ ఈ భృతి కార్డుదారుకే. డాక్టర్ సర్టిఫికెట్, కార్డు తీసుకుని యూనియన్ ఆఫీసుకు రండి. ఫారం మేం రాసిపెడతాం.