డాక్టరుకూ కావాలి డాక్టరు

వరసగా నైట్ డ్యూటీలు. నిద్ర పట్టక ఒక మాత్ర, కొన్నాళ్లకు రెండు. ఓ రోజు సెలైన్ సూది గుచ్చబోతే చెయ్యి వణుకుతుంది. డాక్టరుకైనా, నర్సుకైనా ఈ పరిస్థితి రావచ్చు. నలుగురికీ తెలిస్తే ఉద్యోగం పోతుందని దాచుకుంటారు. దాచుకుంటే తమకూ, రోగికీ ప్రమాదమే.

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది. పైసా కట్టక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడొచ్చు. మరి విషయం బయటికి పొక్కితే? చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మద్యం, మత్తుమందుల అలవాటు వల్ల వచ్చే మానసిక సమస్యలకూ అది వర్తిస్తుంది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలే మినహాయింపు.

తోటి ఉద్యోగి తడబడుతుంటే నలుగురిలో నిలదీయకండి. పక్కకు పిలిచి అడగండి. మళ్లీ చెబుతున్నా, నంబరు 14416. దాచుకోవద్దు, ఫోన్ చేయండి.