లండనులోని రాళ్లు – మన ఊరి రాళ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభదినమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. భారత భాగవతములను ఏ గురువునొద్దను చదివినవాడను గాను. ఈ గ్రంథాలయపు బల్లయొద్దనే, బ్రౌను నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, పద్యము వెంబడి పద్యము కూడబలుకుకొంటిని. కనుక నా మాటలలో దోషమున్నచో నాది, గుణమున్నచో ఈ బల్లది.

కిందటి వేసవిలో మా అమ్మాయి పిలువగా లండను నగరమునకు పోయి 20 దినములుంటిని. దేశము తిరిగి వచ్చినవాడు తాను చూచినదానిని నలుగురికి చెప్పవలెననుట మనవారి పాత మర్యాద. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము విడిచి, మన హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831లో ఇల్లు చేరిరి. దారిపొడుగునను ఆయన వ్రాసి పంపినదానిని మిత్రుడు భద్రపరచి 1838లో అచ్చువేయించెను. ఆయన చేత నుండినది కలము మాత్రమే. నా చేత ఫోను ఉండుటచే 600 చిత్రములు తీసితిని. భయపడకుడు, మూడే చూపెదను. నదియు, వంతెనయు, గడియారపు గోపురమును మన పిల్లలు కంపెనీ పనిమీద పోయి తెచ్చి చూపినవే గనుక వదలివేయుచున్నాను.

మొదటి చిత్రమును చూడుడు. ఇది బ్రిటిష్ మ్యూజియము. 1759 నుండి ప్రజలకు తెరచిన ఈ ప్రదర్శనశాల లోనికి పోవుటకు రుసుము లేదు. గదులు తిరిగి తిరిగి కాళ్లు నొచ్చి, ఒక అద్దపు తలుపు నెట్టుకొని లోనికి పోతిని. ఎదుట తెల్లని రాతిపలకలు వరుసగా నిలిచియున్నవి. అవి అమరావతి శిల్పములు! మన కృష్ణాతీరపు రాళ్లు! పరాయి ఊరి సంతలో ఇంటి మనిషి కనబడినట్లయి, ఉన్నచోటనే నిలిచిపోతిని.

రెండవ చిత్రము ఆ పలకలలో ఒకటి. ఇది స్తూపపు పీఠభాగము చుట్టును పొదిగినది. దీనికి రెండు వైపులను చెక్కడము కలదు. క్రీస్తునకు పూర్వమే ఒక శిల్పి ఒక వైపున బోధివృక్షమును, దాని క్రింద ఖాళీ ఆసనమును, మ్రొక్కు జనులను చెక్కెను. కొన్ని వందల ఏండ్లకు మరియొక శిల్పి అదే పలకను త్రిప్పి, రెండవ వైపున స్తూపమునే చెక్కెను. కాగితము వృథా కానీయక వెనుకవైపున కూడ లెక్క వ్రాయు నా బోటివానికి ఆ శిల్పిపై ఎంత గౌరవము కలిగినదో చెప్పలేను. ఈ రెండవ వైపున సింహములు కాచు వాకిలి, వరుసగా ఐదు స్తంభములు, పూలదండలు చుట్టిన గుమ్మటము కనబడును. నేడు అమరావతిలో ఆ గుమ్మటము లేదు. అది ఎట్లుండెడిదో తెలుపునది ఇట్టి పలకలే. స్తూపము పోయినది, స్తూపపు బొమ్మ నిలిచినది.

ఎట్లు పోయినది? కర్నల్ మెకంజీ 1798లో అమరావతిని చూచెను. ఆ దొరకు తోడుగా పనిచేసినవారు మన ఏలూరి కావలి సోదరులు. అంతకు పూర్వమే వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచట క్రొత్త పట్టణము కట్టించుచుండగా దిబ్బనుండి ఇటుకలు, రాళ్లు తరలిపోయెను. మెకంజీ 1816లో మరల వచ్చుసరికి దిబ్బ నడుమ చెరువుగుంట త్రవ్వబడియుండెను. ఆయన చిత్రకారులను కూర్చుండబెట్టి దొరికిన పలకలనెల్ల గీయించెను. ఆ పలకలలో అనేకము పిమ్మట కనబడకుండ పోయెను. గీసిన బొమ్మలు మాత్రము బ్రిటిష్ లైబ్రరీలో నేటికిని ఉన్నవి. 1845లో వాల్టర్ ఎలియట్ మరల త్రవ్వించి పలకలను మద్రాసు చేర్చెను. 1859లో అవి ఓడనెక్కి లండనుకు పోయెను. తరువాత దొరికినవి అనేకము మద్రాసు ప్రదర్శనశాలలోనే ఉన్నవి.

దొరలు మన సొమ్ము కొనిపోయిరని కొందరు కోపింతురు. కాపాడిరని కొందరు మెచ్చుకొందురు. నేను లెక్కలవాడను గనుక రెండు పద్దులును వ్రాసికొంటిని. ఐనను మూడవ పద్దు మన పేర వ్రాయక తప్పదు. ఆ పాలరాతి వంటి పలకలను మనవారే సున్నమునకు కాల్చిరి. కాల్చినవాడు దుర్మార్గుడు కాడు. వానికి గోడకు సున్నము కావలసియుండెను, రాయి ఎదుట ఉండెను, అంతే. నిత్యము చూచు వస్తువునకు వెలకట్టుట ఎవరికిని తోచదు.

మూడవ చిత్రము కెన్సల్ గ్రీను శ్మశానవాటిక. 1829లో వేమన పద్యములను అచ్చువేయించి, 1852లో తెలుగు నిఘంటువును వెలువరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1884లో కాలముచేసి ఇచట విశ్రమించుచున్నాడు. కడపలో జీతములిచ్చి పండితులను పెట్టి, చెదలు తినుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించిన మహానుభావుడాయన. చేతులు జోడించి నిలువగా మన గ్రంథాలయపు బల్ల నా కన్నుల మెదలినది.

ఊరు చేరిన మరునాటి సాయంకాలము ఈ చిత్రములను అరుగుమీద పదిమందికి చూపితిని. అందరును మెచ్చుకొనిరి. ఎనుబది దాటిన ఒక పెద్దాయన మాత్రము ఓపికగా అన్నియు చూచి, ఒక్క ప్రశ్న వేసెను: “పంతులూ, గవన్ని మంచిగున్నయి గని, మన గుట్ట ఫొటో ఒక్కటన్న ఉన్నదా?”

నా నోట మాట రాలేదు. మీరెల్లరు ఎరిగిన గుట్టయే అది. మన ప్రాంతపు రాళ్లు సుమారు 250 కోట్ల ఏండ్ల నాటివని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వానిమీద మనము జారుడుబండ లాడితిమి, బట్టలారవేసితిమి. 1998లో సైబర్ టవర్సు వెలసినది. 2007లో ఊరు మహానగరమున కలిసినది. 2019లో మెట్రోరైలు రాయదుర్గము చేరినది. 2020లో దుర్గముచెరువుపై తీగల వంతెన నిలిచినది. మన పిల్లలకు ఉద్యోగములు దొరికినవి, నేనందుకు చింతింపను. మా అమ్మాయి లండను పోయినది ఈ మార్పు పుణ్యముననే. కాని గుట్టను తొలిచి మేడ కట్టుచున్న దినములలో నేను ఆ దారినే నిత్యము పోయితిని. ఒక్కనాడును నిలిచి చూడనైతిని. ఏడు సముద్రములకావలి రాళ్లకు 600 చిత్రములు. ఇంటిముందరి రాయికి ఒక్కటియు లేదు. అమరావతిలో సున్నము కాల్చినవానికిని నాకును భేదమేమి?

ఆ రాత్రి పెట్టె దింపి పాత చిత్రములెల్ల వెదకితిని. అన్నియు మనుష్యులవే. తుదకు మా పెండ్లినాటి చిత్రమొకటి దొరకినది. దానిలో మా భార్య భుజము వెనుక, పందిరి గుంజకు ప్రక్కగా, గుట్ట అంచు బెత్తెడంత కనబడుచున్నది. ఇన్నేండ్లుగా ఆ చిత్రమున నేను మా ముఖములనే చూచితిని. నేటి సభలో గోడకు తగిలించినది అదియే.

కనుక నా విన్నపము. మీ ఇండ్లలోని పెండ్లి, పండుగ, బడి చిత్రములను తీసి, ముఖముల వెనుకనేమున్నదో చూడుడు. బావియో, బండయో, వేపచెట్టో, చెరువుకట్టయో కనబడినచో ఆ చిత్రమును ఒకదినము గ్రంథాలయమునకు ఎరువిండు. నకలు తీసికొని అసలు మీకే ఇచ్చెదము. వెనుక ఏ సంవత్సరమో, ఏ తావో, భూమి పట్టాలో వ్రాసినట్లు నాలుగు హద్దులేవో వ్రాయుదము. ఆ లెక్కల పుస్తకమును ఉచితముగా వ్రాయు పని నాది. ఇంకను నిలిచియున్న బండలకు ఈ వారమే చిత్రములు తీయుడు. ఫోను లేని ఇల్లు లేదు గదా!

మరి 25 ఏండ్లకు స్వర్ణోత్సవము జరుగును. ఆనాడు ఏ బాలుడైన “మన ఊరు ఎట్లుండెడిది?” అని అడిగినచో, ఈ బల్లమీద ఒక పుస్తకము తెరచి చూపగలిగిన చాలును.